బల్ల దాటిన రోవర్

మా కాల్డర్ ఫాల్స్ టౌన్ హాల్లో, గాజు బీరువాలో ఐస్ హాకీ వ్యాలీ కప్పు ఉంది. మూడుసార్లు గెలిచిన ఊరు దాన్ని శాశ్వతంగా ఉంచుకోవచ్చన్నది షరతు. మేము మూడుసార్లూ గెలిచి ఉంచుకున్నాం. కప్పు కింద చెక్క పీటకు వెండి రేకులు కొట్టి వాటి మీద పేర్లు చెక్కారు. బార్నీ డూలన్ అన్న పేరు మూడు రేకుల మీదా ఉంటుంది. అది నేనే, గోలు కాసేవాణ్ణి, అంటే గోలీని. ఆర్విల్ టెనంట్ పేరూ మూడింటి మీదా ఉంటుంది, ఆయన మా కెప్టెన్. లైనస్ కల్హేన్ పేరు కోసం మాత్రం కళ్ళద్దాలు పెట్టుకుని వెతికినా దొరకదు. మొన్న ఒక పెద్దమనిషి ఆ బీరువా ముందు నిలబడి, "మీ బావమరిది కూడా ఏదో ఆడేవాడట కదా" అన్నాడు. ఏదో ఆడేవాడట! ఆ మాటకు ఒళ్ళు మండి ఇది రాయడానికి కూర్చున్నాను.

లైనస్ మా ఆవిడ నోరాకు తమ్ముడు. వాళ్ళ నాన్న నది మీద దుంగలు తోలే మనిషి. వసంతంలో మంచు కరిగి నీళ్ళు పొంగినప్పుడు, అడవిలో నరికిన దుంగలు మిల్లుదాకా కొట్టుకొస్తాయి. వాటి మీద నిలబడి, గెంతుతూ, కొక్కెం కర్రతో దారిలో పెట్టడం వాళ్ళ పని. కాలి కింద దుంగ గిర్రున తిరుగుతుంటే దానికంటే ముందు కాలు కదలాలి. లైనస్‌కు ఆ కాళ్ళే వచ్చాయి. మొదటి స్కేట్లు వాళ్ళ నాన్న పాత ఆకురాళ్ళను కొలిమిలో కాల్చి, సాగగొట్టి, చెక్క అడుగులకు బిగించి ఇచ్చినవి. కర్రతో కొట్టే రబ్బరు బిళ్ళ, పక్, కొనే స్తోమతు ఎవరికుంది? గడ్డకట్టిన గుర్రపు పేడ ఉండ తెచ్చుకుని నది మీద ఆడేవాళ్ళం. ఎండ కాస్తే పక్ మెత్తబడేది, అప్పుడు గోలు కాసేవాడి అవస్థ నేను చెప్పను.

వాడికి పంతొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఊరి జట్టులో రోవర్ అయ్యాడు. ఈ కాలంవాళ్ళకు రోవర్ అంటే తెలియదు. అప్పట్లో జట్టుకు ఏడుగురు. గోలు ముందు ఒకడు, వాడి ముందు పాయింట్, ఆ ముందు కవర్ పాయింట్, ఎదర ముగ్గురు. ఆరుగురికీ ఎవడి చోటు వాడిది. ఏడోవాడికి చోటు లేదు. రింకంతా, అంటే ఆ మంచు మైదానమంతా, వాడిదే. పక్ ఎక్కడుంటే అక్కడ ఉండాలి, ముందుకు పోయి కొట్టాలి, వెనక్కి వచ్చి కాయాలి. మిగతావాళ్ళు ఎక్కడ తప్పు చేస్తే అక్కడికి పరుగెత్తాలి. ఊపిరి, కాళ్ళు, బుర్ర, మూడూ ఉన్నవాడే రోవర్ కాగలడు.

వాడి ఘనకార్యాలు చెప్తాను, వినండి. డన్మోర్ మీద ఒక్క ఆటలో ఏడు గోల్సు కొట్టాడు. ఏడోది కొట్టినప్పుడు డన్మోర్ గోలీ కర్ర కింద పడేసి వచ్చి చేయి కలిపాడు. మణికట్టు విరిగితే మిల్లులో కోసిన పలకలు రెండు కట్టుకుని తర్వాతి వారమే ఆడాడు. ఒకసారి బ్రాక్స్‌టన్ ఆటకు వెళ్తుంటే మా బండి మంచు దిబ్బలో దిగబడింది. లేటయితే ఆట వాళ్ళదే అవుతుంది. లైనస్ స్కేట్లు కట్టుకుని నది వెంబడి ఒక్కడే జారుకుంటూ పోయి, రింకు మధ్యలో నిలబడి, "మా జట్టు వచ్చేసింది, మిగతా ఆరుగురూ కాస్త వెనక ఉన్నారు" అన్నాడట. రెఫరీకి నవ్వొచ్చి మేము చేరేదాకా ఆగాడు. ఆ ఆట గెలిచాం.

డబ్బిచ్చి ఆడించే జట్టు మనిషొకడు ఖరీదైన బొచ్చు కోటు వేసుకుని వాడి కోసం ఊళ్ళోకి దిగాడు. లైనస్ మిల్లు యార్డులో పలకలు కోస్తున్నాడు. ఆయన చెప్పిందంతా విన్నాడు. ఒక్కసారి డబ్బు తీసుకుని ఆడినవాడు మా వ్యాలీ లీగులో మళ్ళీ ఆడకూడదు, అది నియమం. అందుకని వాడు, ముందు కప్పు మీద నా పేరు పడనివ్వండి, తర్వాత వస్తాను అన్నాడు. బొచ్చు కోటు మనిషి మళ్ళీ రాలేదు.

కప్పు మీద పేరు పడటానికి ఇంకో నియమం ఉంది. లీగు పెట్టిన మొదటి ఏడు ఒక ఊరివాళ్ళు, జన్మలో స్కేటు కట్టని మిల్లు యజమాని కొడుకులిద్దరి పేర్లు రేకు మీద చెక్కించారు. నానా గొడవా అయింది. దాంతో ఒక తీర్మానం చేశారు. ఫైనల్లో ఆఖరి గంట కొట్టేటప్పుడు ఎవరైతే మంచు మీద ఉంటారో వాళ్ళ పేర్లే చెక్కాలి. మంచి తీర్మానమే అనుకున్నాం అందరం. లైనస్ కూడా చెయ్యెత్తాడు.

వాడి బతుకు చెడగొట్టింది మా ఇంకో ఆనవాయితీ. అప్పట్లో బెంచీ మీద కూర్చుని పిలుపు కోసం చూసే ఆటగాళ్ళు లేరు. ఏడుగురు వస్తే ఏడుగురే. అవతలివాడికి దెబ్బ తగిలి ఆడలేకపోతే, ఇవతలి జట్టు కూడా తనవాణ్ణి ఒకణ్ణి బయటకు పంపి లెక్క సరిచేయాలి. ఎవరిని పంపాలో కెప్టెన్ ఇష్టం. బయటకు వెళ్ళినవాడు ఆ రోజుకు మళ్ళీ రాకూడదు. పెద్దమనుషుల ఆట అనేవాళ్ళం దాన్ని. ఎవరిని పంపుతాడు కెప్టెన్? పాయింట్‌ను పంపితే గోలు ముందు కన్నం పడుతుంది. ఎదరివాణ్ణి పంపితే ఒక పక్క ఖాళీ. చోటు లేనివాడు ఒక్కడే, రోవర్. వాణ్ణి తీస్తే వరసలో ఎక్కడా కన్నం పడదు. అందుకని అందరికంటే బాగా ఆడేవాణ్ణే అందరికంటే ముందు బయటకు పంపేవాడు టెనంట్. ఆయన మిల్లులో హాజరు గుమాస్తా. ఆయనకు మనిషి కంటే వరస ముఖ్యం.

1906 ఫైనల్లో డన్మోర్ జట్టులో ఎదర మధ్యన ఆడేవాడికి మోకాలు పట్టేసింది. టెనంట్ చెయ్యెత్తి, "కల్హేన్" అన్నాడు. అంతే, ఒక్క మాట. మా రింకు చుట్టూ నడుము ఎత్తు బల్ల గోడ. లైనస్ దాని మీద చెయ్యి వేసి అవతలికి దూకాడు. మేకుకు తగిలించిన కోటు తొడుక్కుని, చేతులు జేబుల్లో పెట్టుకుని మిగతా ఆట చూశాడు. గెలిచాం. రేకు మీద ఆరు పేర్లు పడ్డాయి. వాడు నవ్వుతూనే ఉన్నాడు, ఇంకో ఏడు వస్తుంది కదా అన్నాడు.

1909కి పరిస్థితి మారింది. మా కెప్టెన్ లెక్క లోయంతా తెలిసిపోయింది. బ్రాక్స్‌టన్‌లో ఎల్మర్ పిట్కిన్ అని ఒకడుండేవాడు. స్కేటు మీద నిలబడటం కంటే పడిపోవడం బాగా వచ్చు వాడికి. లైనస్ ఊపందుకున్నప్పుడల్లా పిట్కిన్ పొట్ట పట్టుకుని మంచు మీద దొర్లేవాడు. తమ పనికిమాలినవాణ్ణి ఇచ్చి మా మేలిమివాణ్ణి తీసుకునే బేరం అన్నమాట. బ్రాక్స్‌టన్ జనం ఆట మొదలవ్వగానే అరిచేవాళ్ళు, "కోటు తొడుక్కో కల్హేన్, మావాడికి కడుపునొప్పి వస్తోంది" అని. ఆ ఏడు ఫైనల్లో కూడా అదే జరిగింది. టెనంట్‌కు తెలియదా, తెలుసు. నేను గోలు దగ్గర్నుంచి, వేరేవాణ్ణి పంపవయ్యా అని గొంతు చించుకున్నాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. లైనస్ బల్ల దూకాడు. గెలిచాం. ఆరు పేర్లు.

అంటే ఏమిటన్నమాట? గెలిపించేవాడు వాడు, గెలిచేవాళ్ళం మేము. మిల్లులో వాణ్ణి "సగం పూట కూలీ" అనడం మొదలుపెట్టారు. నవ్వులాటకే అన్నారు, కాదనను. కానీ మధ్యాహ్నం గంట కొట్టగానే ఎవడో ఒకడు, "కల్హేన్, నీ పని అయిపోయింది, ఇంటికి పో" అంటే, ఎన్నాళ్ళని నవ్వుతాడు? శీతాకాలం ఊళ్ళో మగవాళ్ళందరూ అడవి శిబిరాలకు పోయి మంచి కూలి తెచ్చుకుంటుంటే, వాడు ఆట కోసం ఊళ్ళోనే ఉండి పలకలు కోసినవాడు. నోరా అయితే వంటింట్లో బీన్సు కుండ దించుతూ కూడా టెనంట్‌ను తిట్టేది.

1912లో ఆకులు రాలే కాలంలో లీగు వాళ్ళు కూర్చుని, పెద్ద పట్టణాల్లో లాగా మనమూ ఈ శీతాకాలం అయ్యాక ఆరుగురితోనే ఆడదాం అన్నారు. రోవర్ అన్నవాడు ఇక ఉండడు. వచ్చే ఫైనలే ఏడుగురి ఆటకు ఆఖరిది. మేము దాన్ని గెలిస్తే కప్పు ఇంక ఊరు దాటదు, కొత్త రేకు పడదు. లైనస్‌కు ముప్పై దగ్గరపడ్డాయి. ఒక మోకాలు చలికి వాచేది. ఇంకో అవకాశం లేదన్నది వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ వారమే వాడు నన్ను వెంటేసుకుని మిల్లు ఆఫీసుకు వెళ్ళాడు. టెనంట్ పొయ్యి పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు.

"కెప్టెన్, ఈ ఏడు నన్ను పాయింట్‌లో పెట్టు. లెగోని రోవర్ చెయ్యి."

విల్ఫ్రిడ్ లెగో కొత్తగా వచ్చినవాడు, ఇరవై ఏళ్ళుంటాయి, జింకలా పరుగెత్తేవాడు. టెనంట్ గ్లాసు దించి, "నీలా తిరిగేవాడు ఈ లోయలోనే లేడు కదయ్యా" అన్నాడు.

"తిరిగింది చాలు. ఆఖరిసారి ఒకచోట నిలబడతాను."

"లెగోని పంపెయ్యమంటావా, వాడి పేరు పోయినా ఫరవాలేదా?"

"వాడికి ముందు బోలెడు కాలముంది. నాకు లేదు."

నేను కూడా అందుకున్నాను. ఇన్నేళ్ళు ఆడినవాడికి ఈ ఒక్కటీ ఇవ్వకపోతే గోలు దగ్గర ఇంకో మనిషిని చూసుకో అని గట్టిగానే అన్నాను. టెనంట్ కిటికీలోంచి దుంగల కుప్ప వైపు చూసి, సరే అన్నాడు. పిట్కిన్ పడితే లెగోనే పంపుతానని మాటిచ్చాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు, ఆ సంగతి శత్రువైనా ఒప్పుకోవాలి.

పాయింట్‌లో లైనస్ మొదట్లో నా ప్రాణం తీశాడు. పక్ కనిపిస్తే చాలు, తాడు తెంచుకున్న దూడలా పోయేవాడు. వెనక గోలు బావురుమనేది. "ఒరేయ్, తలుపులు బార్లా తీసి ఎక్కడికిరా పోతావ్" అని నేను అరిస్తే, సిగ్గుపడి వెనక్కి వచ్చేవాడు. కర్రతో మంచు మీద ఒక గీత గీసుకుని, దాన్ని దాటకూడదని తనకు తాను చెప్పుకునేవాడు. ఫిబ్రవరి వచ్చేసరికి గోడలా తయారయ్యాడు. వాణ్ణి దాటి నా దాకా వచ్చిన పక్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొత్త చోటులో, వాచిన మోకాలితో, ఒక్క శీతాకాలంలో అంత నేర్చుకున్నవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. దాన్ని కూడా వాడి ఘనతల్లో రాసుకోండి.

ఫైనల్ మార్చి మొదటి శనివారం మధ్యాహ్నం, మా రింకులోనే, బ్రాక్స్‌టన్ మీద. చుట్టుపక్కల ఊళ్ళ బండ్లన్నీ మిల్లు ముందే ఉన్నాయి. పైకప్పు సందుల్లోంచి ఎండ పడి మంచు పైపైన తడిగా ఉంది, పక్ సరిగ్గా జారడం లేదు. రెండో సగం వచ్చేసరికి చెరో మూడు గోల్సు. లైనస్ నా ముందు నిలబడి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు తోసేస్తున్నాడు. మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి, "చూశావా బావా, కదల్లేదు" అన్నాడు, పసిపిల్లాడిలా.

ఆట చివరికొస్తోంది. మూలలో ముగ్గురు గుద్దుకున్నారు, ఎల్మర్ పిట్కిన్ పడ్డాడు. జనం అప్పటికే నవ్వడం మొదలుపెట్టారు. కడుపునొప్పికి కషాయం తెండిరా అని ఎవడో కేక వేశాడు. ఇంతలో మంచు మీద ఎర్రగా నెత్తురు పాకడం కనిపించింది. ఎవరిదో స్కేటు పిట్కిన్ చీలమండ మీద నుంచి పోయింది. ఆ రోజు వాడు నటించలేదు పాపం. జనం చప్పబడిపోయారు. నలుగురు కలిసి వాణ్ణి కోటు మీద పడుకోబెట్టి ఎత్తుకుపోయారు. రెఫరీ పెంబ్రోక్ నుంచి వచ్చిన స్కూలు మాస్టారు, మెల్లగా టెనంట్ వైపు జారుతూ వచ్చాడు, ఎవరిని పంపుతున్నారు అని అడగడానికి.

నేను టెనంట్ నోటి వైపే చూస్తున్నాను. ఆయన లెగో వైపు తిరిగాడు, చెయ్యి కూడా ఎత్తాడు. అప్పుడు నా ముందు ఖాళీగా ఉన్నట్టు అనిపించి పక్కకు చూద్దును కదా, లైనస్ లేడు. బల్ల గోడ అవతల నిలబడి ఉన్నాడు. మేకు మీది కోటు తీసి, ఒక చెయ్యి తొడుక్కుని, రెండో చెయ్యి కోసం తడుముకుంటున్నాడు.

"లైనస్!" అని అరిచాను.

వాడు నా వైపు చూశాడు. తర్వాత కోటు వైపు చూసుకున్నాడు. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోను. ఇన్నేళ్ళు పిట్కిన్ పడటం, వాడు బల్ల దూకడం. వాడి కాళ్ళు ఎవరినీ అడగలేదు. టెనంట్ ఎప్పుడూ రెండో మాట అనేవాడు కాదు, వాడు ఎప్పుడూ రెండో మాట కోసం ఆగేవాడు కాదు. ఇంకెవరి కాళ్ళైనా ఆ పని చేసేవి కావు, ఇంకెవర్నీ ఎవరూ పంపలేదు గనుక.

టెనంట్ రెఫరీతో, నేనింకా పిలవలేదు అన్నాడు.

"మీరొకరిని పంపాలి. ఒకరు వెళ్ళారు. నాకు లెక్క సరిపోయింది" అన్నాడు రెఫరీ.

టెనంట్ వాదించాల్సింది. నేనైతే గోలు వదిలేసి వెళ్ళి వాదించాను. అది పొరపాటు, పంపినట్టు కాదు అన్నాను. కెప్టెన్ తప్ప ఎవరూ మాట్లాడకూడదని రెఫరీ నన్ను వెనక్కి పంపాడు. టెనంట్ లెగో వైపు చూశాడు, గోడ మీది గడియారం వైపు చూశాడు. జింకలాంటి కుర్రాడు చేతిలో ఉన్నాడు, ఆట సమానంగా ఉంది. "సరే, కానివ్వండి" అన్నాడు. లైనస్ బల్ల మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు, ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట. మిగతా ఆటంతా అలాగే ఉన్నాడు.

ఆఖరి గోలు లెగోనే కొట్టాడు. గంట మోగింది. టోపీలు గాల్లోకి లేచాయి. జనం బల్లలు దూకి మంచు మీదికి వచ్చేశారు, లైనస్ ఒక్కడే ఇటు రాలేదు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. నేను లీగు పెద్దల దగ్గరకు ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. కూర్చోబెట్టి టీ ఇచ్చారు, నిజమే పాపం అన్నారు, నియమం చూపించారు. ఆ నియమానికి నువ్వూ చెయ్యెత్తావు కదా డూలన్ అన్నారు. ఆరుగురి ఆట వచ్చాక బెంచీ మీద అదనపు ఆటగాళ్ళు వచ్చారు. ఎవడికైనా దెబ్బ తగిలితే ఇంకొకడు దిగుతాడు, ఎవరినీ బయటకు పంపక్కర్లేదు. ఆ పద్ధతి పదేళ్ళ ముందు ఎందుకు రాలేదని అడగడానికి ఎవరూ దొరకరు. లైనస్ మళ్ళీ ఆడలేదు. అడవి శిబిరాలకు పోయాడు, ఫోర్‌మన్ అయ్యాడు, పిల్లలకు నది మీద స్కేటింగ్ నేర్పాడు. ఇప్పుడు పెద్ద పట్టణాల్లో ఆడుతున్న ఇద్దరు వాడి చేతి కింద పెరిగినవాళ్ళే. కిందటేడు నిమోనియాతో పోయాడు. పత్రికలో నాలుగు వాక్యాలు వేశారు, అందులో రోవర్ అన్న మాట లేదు.

ఆ శనివారం సాయంత్రమే హోటల్లో గెలిచినవాళ్ళకు ఆల్చిప్పల మాంసంతో విందు. అది మా దగ్గర మర్యాద. లైనస్‌నూ పిలిచారు, వచ్చాడు. మద్యం పోసిన కప్పు చేతులు మారుతూ వస్తే అందరిలాగే తాగి పక్కవాడికి ఇచ్చాడు. లెగో అయితే కన్నీళ్ళు పెట్టుకుని, నా పేరు తీసేసి ఆయనది పెట్టండి అన్నాడు. లైనస్ వాడి వీపు తట్టి, నోరు మూసుకుని తిను అన్నాడు. ఇంతలో టెనంట్ బల్ల అవతలి నుంచి లేచి వచ్చి వాడి ముందు నిలబడ్డాడు. ఏదైనా మంచి మాట అంటాడనుకున్నాను.

"నేను నిన్ను పిలవలేదు కల్హేన్. లెగోని పిలవబోతున్నాను. అందరూ చూశారు. నా మాట నేను తప్పలేదు."

"తప్పలేదు కెప్టెన్" అన్నాడు లైనస్.

టెనంట్ తల ఊపి తృప్తిగా వెళ్ళి కూర్చున్నాడు. ఆ తృప్తి చూసి నాకు చేతిలో ఫోర్కు విసరాలనిపించింది. లైనస్ కోటు తీసుకుని బయటకు నడిచాడు, నేనూ వెనకే వెళ్ళాను. ఇంకా వెలుగు పోలేదు. వంతెన చుట్టూ తిరగకుండా గడ్డకట్టిన నది మీదుగా నడిచాం.

"ఆయన పిలిచి ఉంటే బాగుండేది బావా" అన్నాడు నది మధ్యలో.

"ఏం బాగుండేదిరా? పేరు ఎలాగూ పోయేది."

"పోయేది. కానీ ఇంటికెళ్ళి తిట్టుకోవడానికి ఒకడు ఉండేవాడు."

"నేనున్నాగా, నన్ను తిట్టు" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

వాడు నిలబడిపోయి నా వైపు చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు. నేను వెధవలా నీ ఎదురుగా బల్ల ఎక్కుతుంటే నీ కళ్ళేమయ్యాయి అన్నాడు. కోటు సగం తొడిగాక అరుస్తావా, ముందు అరవలేవా అన్నాడు. రెఫరీ దగ్గరకు వెళ్ళినవాడివి నియమం తెలుసుకుని వెళ్ళాలి కదా అన్నాడు. దుంగలు తోలేవాళ్ళ తిట్లు, వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నవి, ఒక్కటీ వదలకుండా తిట్టాడు. మధ్యలో మంచు గుప్పెడు నోట్లో వేసుకుని మళ్ళీ అందుకున్నాడు. నేను తల ఊపుతూ పక్కన నడిచాను. ఇంటి మెట్ల దగ్గరికి వచ్చేసరికి నోరా తలుపు తీసింది, ఎవర్నిరా ఆ తిట్లు, వీధంతా వినిపిస్తున్నాయి అంది.

"గోలీని" అన్నాడు లైనస్, బూట్ల మంచు దులుపుకుంటూ.

"తగిన శాస్తే" అంది నోరా నా వైపు చూసి, కప్పు గెలిచిన సంగతి ఇంకా తెలియక.